గుడ్డు కంపు మందు

నా ముక్కు పనికిరాదన్న సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. పెంటపాడులో నూర్పుళ్ళ దుమ్ములో పెరిగినదాన్ని, ఏడాదిలో సగం రోజులు జలుబే. ఇంట్లో పాలు విరిగితే ముందు మా అమ్మకు తెలిసేది, తర్వాత మా నాన్నగారికి, ఆ తర్వాత పిల్లికి. నాకు ఎవరైనా చెబితే తప్ప తెలిసేది కాదు. అలాంటిదాన్ని, నా ఉద్యోగంలోకెల్లా పెద్ద తగవు ఒక మందు వాసన గురించి పడాల్సివచ్చింది. తగవులో నేనే గెలిచాను. ఎలా గెలిచానో మాత్రం కొన్నేళ్ళ దాకా నాకే సరిగ్గా అర్థం కాలేదు.

అప్పుడు నేను ఏలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూ చూసేదాన్ని. చేరడం మత్తు డాక్టరుగానే చేరాను. రెండువేల సంవత్సరం దాటాక మా వైపు ఆసుపత్రులకు కూడా వెంటిలేటర్లు రావడం మొదలైంది. వాటిని నడపడం తెలిసినవాళ్ళు తక్కువ కాబట్టి ఆపరేషన్ థియేటర్లోంచి నన్ను లాక్కొచ్చి వాటి ముందు కూర్చోబెట్టారు. బాగానే కూర్చున్నాను. వినయం నటించడం నాకు చేతకాదు. ఊపిరి అందని మనిషిని ఎలా చూడాలో నాకు తెలుసు, తెలుసన్న సంగతి కూడా నాకు తెలుసు. తాడేపల్లిగూడెం మిషన్ బడిలో పంతులుగా చేసిన మా నాన్నగారు నన్ను రెండే విషయాల్లో హెచ్చరించేవారు. ఎవరినైనా మీరు అని పిలవమనేవారు, ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేదాకా ఆగమనేవారు. మొదటిది నేర్చుకున్నాను.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం పగలగొట్టించిన ఏడాది అది. సరస్సు మధ్య లంక గ్రామాల్లో చెరువు పనుల మీద బతికేవాళ్ళందరూ ఒక్కసారిగా అల్లాడిపోయారు. గట్లు తెగి చెరువుల్లోని చేప సరస్సులో కలిసిపోతే, ఆ బురదలో దిగి దొరికింది పట్టుకునేవాళ్ళు. అలా దిగిన ఒకాయన కాల్లో జెల్ల ముల్లు దిగింది. జెల్ల అంటే మీసాల చేప, దాని రెక్కల దగ్గర గట్టి ముళ్ళుంటాయి. గుచ్చుకుంటే ప్రాణం జివ్వుమంటుంది. కొల్లేటివాళ్ళకు అదొక లెక్కలోది కాదు. ముల్లు లాగేసి, సున్నం పసుపు కలిపి పట్టు వేసి, మర్నాడు మళ్ళీ నీళ్ళలో దిగాడు. కాలు వాచింది. ఎర్రబడింది, నల్లబడింది. జ్వరం వచ్చింది. ఊళ్ళో ఆర్‌ఎంపీ చూసి, ఇది నా చేతిలో పని కాదు, వెంటనే ఏలూరు తీసుకెళ్ళండి అన్నాడట. మంచి పని చేశాడు. ఆటోలో పడుకోబెట్టి తీసుకొచ్చేసరికి మనిషికి తెలివి లేదు, పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి.

వెంట ఇద్దరు వచ్చారు. ఒకరు అతని భార్య. లంకలో చేపా ఎండు రొయ్యా కొని, గంపలో పెట్టుకుని ఏలూరు వీధుల్లో అమ్మే మనిషి. గట్టి గొంతు, గట్టి చేతులు. రెండోవాడు అతని అన్నగారు, పొడుగాటి పెద్దమనిషి. భుజం మీద తువ్వాలు, కళ్ళల్లో నీళ్ళు. తమ్ముడంటే ప్రాణం. ఆ ప్రాణం వల్లే నాతో తగవుకు దిగాడనుకోండి.

జబ్బు పేరు సెప్సిస్. కాల్లోని చీము రక్తంలోకి పాకింది. అది ఒక ఎత్తు అయితే, ఊపిరితిత్తులు దెబ్బతినడం ఇంకో ఎత్తు. రక్తంలోకి సూక్ష్మజీవులు చొరబడ్డాయంటే ఒళ్ళు ఊరుకోదు. తెల్లకణాలు ఆక్సిజన్‌లోంచే ఘాటైన పదార్థాలు తయారుచేసి వాటి మీదికి చిమ్ముతాయి. శత్రువు మీద పడినంతవరకూ మంచిదే. సెప్సిస్‌లో అదుపు తప్పుతుంది. మా పెంటపాడు పొలాల్లో గట్టు మీద గడ్డి తగలబెడితే, గాలి మళ్ళి పక్కనున్న వరికుప్ప అంటుకోవడం చిన్నప్పుడు చూశాను. ఇదీ అంతే. ఊపిరితిత్తుల్లో గాలి గదుల గోడలు ఉల్లిపొర కంటే పలచన కాబట్టి ముందు అంటుకునేది అవే. కాలిన చోట నీరు ఊరి, గాలి ఉండాల్సిన చోట నిలబడిపోతుంది. మనిషి మంచం మీద పడుకునే మునిగిపోతాడు.

ఆ మంటను ఆర్పే సరుకు మన ఒంట్లోనే ఒకటి ఉంటుంది, గ్లూటాతయోన్ అంటారు. ఇలాంటి జబ్బులో అది అడుగంటిపోతుంది. ఒళ్ళు దాన్ని మళ్ళీ తయారుచేసుకోవడానికి ముడిసరుకు అందించే మందు ఎసిటైల్ సిస్టీన్. యాంటీఆక్సిడెంట్ల జాతిది. కొత్త మందేమీ కాదు. జ్వరం మాత్రలు గుప్పెడు మింగి వచ్చినవాళ్ళ కాలేయాన్ని కాపాడటానికి మా ఆసుపత్రిలో ఎప్పుడూ ఉంచేవాళ్ళం. సెప్సిస్‌లో ఊపిరితిత్తులను కూడా కాపాడుతుందా అన్నది మాత్రం అప్పట్లో డాక్టర్ల పత్రికల్లో నలుగుతున్న ప్రశ్న. కొందరు లాభం కనబడిందన్నారు, కొందరు ఏమీ కనబడలేదన్నారు. నేను రెండు పక్షాలూ చదివి, ఇవ్వడమే మంచిదనుకున్నాను. ఇప్పుడు అడిగినా, ఆ రోజు నాకు తెలిసినదాన్ని బట్టి అదే అనుకుంటానంటాను.

ఒక మాట ఇక్కడే చెప్పేయాలి. అతనికి అసలు వైద్యం అది కాదు. మా సర్జన్ కాలు కోసి చీము తీశాడు. గట్టి యాంటీబయాటిక్స్ పెట్టాం. బీపీ నిలబెట్టాం. గొంతులోకి గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టి, కాలిన ఊపిరితిత్తులు ఇంకా చిరగకుండా చిన్న చిన్న ఊపిరులు ఇచ్చాం. ఎసిటైల్ సిస్టీన్ వీటన్నిటికీ తోడు వెళ్ళిన మందు మాత్రమే. పెళ్ళికొడుకు వెనక తోడిపెళ్ళికొడుకు ఉంటాడు చూడండి, అలాగన్నమాట.

ఇదంతా భార్యకూ అన్నగారికీ వరండాలో నిలబెట్టి విడమరిచి చెప్పాను. ఇద్దరూ బుద్ధిగా తలూపారు. ఒక్కటి చెప్పలేదు. ఆ మందులో గంధకం ఉంటుంది, సీసా మూతి విరిచీ విరవగానే కుళ్ళిన కోడిగుడ్డు కంపు కొడుతుంది. ఎందుకు చెప్పలేదంటే, నాకు గుర్తే రాలేదు. పుస్తకంలో చదివాను గానీ నా ముక్కు ఏనాడూ ఆ సంగతి నాతో అనలేదు.

మర్నాడు పొద్దున్న, రోగుల్ని చూసే వేళ, ఆమె లోపలికి వచ్చి భర్త మంచం పక్కన నిలబడింది. ఆ సమయంలోనే మా హెడ్ నర్సు కొత్త మోతాదు కలపడానికి మందు సీసా విరిచింది. నేను రెండు మంచాల అవతల ఇంకొకరిని చూస్తున్నాను. ఆమె గొంతు వినబడింది.

"ఏవండీ సిస్టరుగారూ, ఏంటండీ ఈ కంపు?"

"మందమ్మా. దాని వాసనే అంత."

"మందు వాసన నాకు తెలీదాండీ? ఇది మురిగిపోయిందండి. కుళ్ళిన గుడ్డండి ఇది. మా ఆయన ఒంట్లోకి ఎక్కిస్తున్నారా దీన్ని? పారబోయండి ముందు!"

నేను అక్కడికి వెళ్ళేసరికి ఆమె నర్సు మణికట్టు పట్టుకుని ఉంది. నర్సు భయపడలేదు, మా సిస్టర్లు భయపడే రకం కాదు. కానీ చేయి విడిపించుకోలేకపోతోంది. గంపలు మోసిన చేతులవి.

ఆమెను తప్పుపట్టలేం. చేపలమ్మేవాళ్ళకు ముక్కే జీవనాధారం. మొప్ప ఎత్తి చూస్తారు, ముక్కు దగ్గర పెట్టుకుంటారు, అంతే, తీర్పు అయిపోతుంది. కంపు కొట్టిందంటే మురిగింది, మురిగిందంటే మనిషికి పెట్టకూడదు. దీని మీద వాదన ఉండదు. ఆ లెక్క ప్రకారం మేం ఆమె భర్తకు రక్తనాళంలోంచి మురిగిన సరుకు ఎక్కిస్తున్నాం. ముందురోజు ఎక్కించిందీ అదే. అందుకే ఇంకా లేవలేదన్నమాట.

"అమ్మా, అది మురిగింది కాదు. పుట్టడమే ఆ వాసనతో పుట్టింది" అన్నాను.

"పుట్టడమే కంపుతో పుట్టిన మంచి సరుకు నేనెక్కడా చూళ్ళేదండి."

"మీరు చూడకపోతే లేనట్టేనా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అనేశాను. ఆమె నన్నొకసారి పైనుంచి కిందిదాకా చూసి, నర్సు చేయి వదిలి బయటికి వెళ్ళిపోయింది. కాసేపటికి అన్నగారు లోపలికి కబురు పెట్టాడు. తమ్ముణ్ణి విజయవాడ తీసుకెళ్ళిపోతాం, కాగితాలు రాసివ్వండి, గేటు దగ్గర వ్యాను పెట్టించాం అని.

నా ఒళ్ళు మండిపోయింది. కిటికీలోంచి చూశాను. మామూలు వ్యాను. వెనక సీటు తీసి పరుపు వేశారు. ఆక్సిజన్ సిలిండర్ కూడా లేదు. లోపల ఉన్న మనిషికి వెంటిలేటర్ మీద, అంత ఆక్సిజన్ పెట్టి కూడా, వేలికి తగిలించిన క్లిప్పులో అంకె తొంభై దగ్గర ఊగిసలాడుతోంది. గొట్టం తీసి ఆ పరుపు మీద పడుకోబెడితే హనుమాన్ జంక్షన్ దాటడు. అంత దూరం కూడా వెళ్ళడేమో. ఇది భయపెట్టడానికి అనే మాట కాదు, రోజూ చూసే పని కాబట్టి తెలిసిన సంగతి.

వరండాలోకి వెళ్ళి అదే చెప్పాను.

"మీ తమ్ముడు ఇప్పుడు ఆ మెషిన్ మీద బతుకుతున్నాడండీ. అది తీసిన కాసేపటికి పోతాడు. దారిలోనే పోతాడు. విజయవాడలో ఎంత గొప్ప డాక్టరున్నా ఆయన దగ్గరికి చేరేది మీ తమ్ముడు కాదు."

అన్నగారు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "డాక్టరుగారూ, మీరంటే మాకు గౌరవమేనండి. కానీ మురిగిన మందు పెట్టాక ఇక్కడెలా ఉంచమంటారు? ఇవాళ మందు మురిగింది. రేపు ఇంకోటేదో మురుగుద్ది. నమ్మకం పోయాక ఇంకేముందండీ?"

అతను అన్నదాంట్లో తర్కం ఉంది. అదే నాకు మరీ కోపం తెప్పించింది. సీసా మీద గడువు తేదీ చూపించాను. అచ్చేసిన అంకెల మీద వాళ్ళకు నాకున్నంత గౌరవం లేదు. పెట్టె తెప్పించి చూపించాను. పెట్టె బాగుంటే లోపలి చేప బాగున్నట్టా అన్నట్టు చూశారు. మంట, వరికుప్ప, గ్లూటాతయోన్, అన్నీ మళ్ళీ మొదటినుంచి చెప్పాను. మా హెడ్ నర్సు నా చెవి దగ్గర, "మేడమ్, పోనీ ఆ మందు మానేస్తామని చెప్పేయండి, అసలు వైద్యం చాలదా?" అంది. అది తెలివైన మాటే. చెప్పి చూశాను కూడా.

"అది ఇష్టం లేకపోతే ఆపేస్తాం. కానీ మనిషిని కదపొద్దు."

అన్నగారు విషాదంగా నవ్వాడు. "మురగలేదన్నారు, ఇప్పుడు మానేస్తామంటున్నారు. అంటే మురిగినట్టేగా అండీ?"

అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడ్డ రోగి భార్య ముందుకు వచ్చింది. కోపం లేదు గొంతులో. బేరం ఖాయం చేసుకునేవాళ్ళ నెమ్మది ఉంది.

"డాక్టరమ్మగారూ, మాలో ఒక పద్ధతుందండి. ఎండు రొయ్య కొనేవాళ్ళకి అనుమానం వచ్చిందనుకోండి, బాగుందండీ బాగుందండీ అని మేం చెప్పం. వాళ్ళ ఎదురుగానే గంపలోంచి ఒకటి తీసి నోట్లో వేసుకుని నమిలేస్తాం. మురిగింది మేం నమలం కదండీ. అక్కడితో మాట అయిపోద్ది. మరి ఈ మందు మీరు తాగుతారా అండీ?"

పక్క గది రోగుల బంధువులు కూడా వచ్చి నిలబడ్డారు. నర్సు నా కొంగు పట్టుకుని లాగింది. ఆ మందును నోటితో తాగినా ప్రమాదం లేదని నాకు తెలుసు. మాత్రలు మింగినవాళ్ళకు నీళ్ళలో కలిపి తాగించిన రోజులు ఉన్నాయి. తాగినవాళ్ళ ముఖాలు కూడా గుర్తున్నాయి.

"పెట్టె ఇలా తీసుకురండి సిస్టర్" అన్నాను. "ఏ సీసా తాగాలో ఆవిడే తీస్తారు."

ఆమె ఊరికే పైనున్నది తీయలేదు. గంప అడుగు నుంచి తీసినట్టు, పెట్టె అడుగున వేళ్ళు పెట్టి ఒకటి తీసి ఇచ్చింది. నర్సు మూతి విరిచి గ్లాసులో పోసి నీళ్ళు కలిపింది. అన్నగారు తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. చూడటానికి వచ్చినవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు. నాకు మాత్రం ఏ వాసనా లేదు. అందుకే ధీమాగా, కాఫీ తాగినంత సులువుగా, ఒక్క గుక్కలో తాగేశాను.

నా ముక్కు జన్మలో మొదటిసారి అప్పుడు తెరుచుకుంది. గొంతులోంచి పైకి తన్నుకొచ్చిన ఆ కంపు, ఆ పులుపు, దానికి తోడు ఒక ఉప్పదనం, మాటల్లో చెప్పలేను. పెంటపాడులో కోళ్ళగూటి కింద మర్చిపోయిన గుడ్లన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా ముఖం కదలనివ్వలేదు. ఖాళీ గ్లాసు నర్సుకు ఇచ్చి, పైట సర్దుకుని, "అయ్యిందా అండీ?" అన్నాను.

"తాగారు" అంది ఆమె. "సాయంత్రం దాకా చూస్తానండి మిమ్మల్ని."

"చూడండి. నేనెక్కడికీ పోను."

నిజంగానే చూసింది. ఐసీయూ అద్దం తలుపు ఎదురుగా బెంచీ మీద కూర్చుని నన్ను కాపలా కాసింది. నేను ఒక మంచం నుంచి ఇంకో మంచానికి వెళితే ఆ కళ్ళు నాతో వచ్చాయి. త్రేన్పు వచ్చినప్పుడల్లా కుళ్ళిన గుడ్డే. చేయి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగితే, మా నర్సులు నవ్వాపుకోలేక మందుల అలమార వెనక దాక్కునేవాళ్ళు. మధ్యాహ్నం అన్నం తినబుద్ధి కాలేదు. తినకపోతే ఆమె ఇంకో అర్థం తీస్తుందని, అద్దం దగ్గరికి కుర్చీ జరుపుకుని, ఆమెకు కనబడేలా పెరుగన్నం తిన్నాను. మెతుకు మెతుకూ నములుతుంటే ఆమె తల ఊపింది. గేటు దగ్గర వ్యాను మాత్రం కదల్లేదు. ఆ ధైర్యమంతా పైకే. ఆ వ్యాను ఇంకా ఉందా అని గంటకోసారి కిటికీ దగ్గరికి వెళ్ళి చూశాను.

సాయంత్రం టీ వేళకు తలుపు తీసుకుని ఆమె దగ్గరికి వెళ్ళాను.

"కడుపులో ఎలా ఉందండీ?" అని అడిగింది.

"కంపుగా ఉంది. కానీ బాగానే ఉంది."

మొదటిసారి నవ్వింది. అన్నగారి వైపు తిరిగి, "బావగారూ, వ్యాను పంపించేయండి" అంది. అతను ఏదో అనబోయాడు. ఆమె చేయి అడ్డం పెట్టింది. మరుక్షణం అతను మెట్లు దిగి గేటు వైపు వెళ్ళాడు.

ఇక్కడ నేను దాచకుండా చెప్పాల్సింది ఒకటుంది. ఆ సాయంత్రం ఆమె భర్త కోలుకోలేదు. ఇంకా దిగజారాడు. ఆక్సిజన్ పెంచాల్సివచ్చింది, బీపీ మందు పెంచాల్సివచ్చింది. ఆ మాట ఆమెతో దాపరికం లేకుండా చెప్పాను. మళ్ళీ వ్యాను అంటుందేమోనని భయపడుతూనే చెప్పాను. ఆమె మాత్రం, "మీ పని మీరు చేయండమ్మగారూ" అని బెంచీ మీద సర్దుకుని కూర్చుంది. ఆ తర్వాత కొన్ని రోజుల పాటు ఆయన అటూ ఇటూ ఊగాడు. ఒక పొద్దున ఎక్స్‌రే వెలుగు పలక మీద పెట్టి చూస్తే, తెల్లగా మూసుకుపోయిన ఛాతీలో అక్కడక్కడా నలుపు కనబడింది. నలుపంటే గాలి. ఆ రోజు నేను నర్సులందరికీ పునుగులు తెప్పించాను.

గొంతులో గొట్టం తీసిన రోజు అందరం మంచం చుట్టూ ఉన్నాం. ఇలాంటప్పుడు మనుషులు దేవుణ్ణో భార్యనో పిలుస్తారు. ఆయన ముఖం చిట్లించి, బొంగురు గొంతుతో, "ఏంటీ కంపు?" అన్నాడు. ఆమె పకపకా నవ్వింది. నవ్వుతూనే మంచం పట్టుకుని ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది. ఏడుపు దాచుకోవడం కూడా నాకు చేతకాదు, కాబట్టి ఇద్దరం కలిసే ఏడ్చాం.

ఆయన కర్ర పట్టుకుని ఇంటికి వెళ్ళాక నా పేరు మారిపోయింది. లంకల్లో నేను గుడ్డు కంపు మందు డాక్టరమ్మని. ఉండి, నల్లజర్ల లాంటి ఊళ్ళ నుంచి కూడా వచ్చి, దగ్గుకూ ఆయాసానికీ ఆ కంపు మందే కావాలని అడిగారు. కాలికి ముల్లు గుచ్చుకుంటే ముందు కాలు కడుక్కుని వాపు రాగానే రండి, మందు సంగతి నేను చూస్తాను అని అందర్నీ కసిరాను. కసిరితే ఇంకా ఎక్కువమంది వచ్చారు. నా గొప్పతనం నాకు తెలుసు గానీ, నాది కాని గొప్పతనం నెత్తిన పెడితే చిరాకు. అది ఒట్టి తోడు మందు అని ఎంత చెప్పినా ఎవరూ వినలేదు.

ఏళ్ళు గడిచేకొద్దీ ఆ మందు గురించి చదువుతూనే ఉన్నాను. చదివినకొద్దీ నా మొదటి ఉత్సాహం చల్లబడింది. కొందరిలో ఊపిరితిత్తులు కాస్త త్వరగా తేరుకున్నాయేమో అనిపించే ఆనవాళ్ళు ఉన్నాయి. ప్రాణం కాపాడుతుందని గట్టిగా చెప్పగలిగే సాక్ష్యం మాత్రం దొరకలేదు. నేను కూడా అందరికీ పెట్టడం మానుకున్నాను. ఇది నాకు ఓటమిగా అనిపించలేదు. వైద్యంలో ఉన్నవాళ్ళం నమ్మకాన్ని చేతిలో పట్టుకోవాలి, మెడకు కట్టుకోకూడదు. కానీ ఆమె మాత్రం ఊరూరా తిరుగుతూ ఆ మందే బతికించిందని చెబుతోందని వింటే ఆగలేకపోయాను. ఒక ఆదివారం ఉదయం ప్రార్థన అయ్యాక, బయల్దేరి లంకకు వెళ్ళాను.

ఇంటి ముందు టార్పాలిన్ మీద ఎండు రొయ్యలు పోసి, చేటతో చెరుగుతోంది. భర్త కాస్త అవతల వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూసి లేచి, గట్టెక్కి వచ్చేసరికి కొంచెం రొప్పాడు. కొంచెమే. వృత్తి గుణం, ఆ రొప్పు కూడా లెక్కలో వేసుకున్నాను. నాకు కుర్చీ వేసి, ఆమె నేల మీద కూర్చుంది. నేను విషయం చెప్పాను.

"ఆ మందు మీ ఆయన్ని బతికించిందని నేను ఒట్టేసి చెప్పలేనమ్మా. పెట్టకపోయినా బతికేవాడేమో. అసలు పని చీము తీయడం, యాంటీబయాటిక్స్, ఆ మెషిన్, అవి చేశాయి. మీరు అందరితో మందు గురించి అలా చెబుతుంటే, రేపు ఎవరైనా అసలు వైద్యం మానేసి దాని వెనకాల పడతారు."

మా నాన్నగారు చెప్పిన రెండో మాట గుర్తుంచుకుని, ఆమె మాట పూర్తయ్యేదాకా ఆగాలని అప్పుడే నిర్ణయించుకున్నాను. ఆమె చేట పక్కన పెట్టింది.

"మందు సంగతి నాకెందుకండీ? అదేం చేసిందో నాకేం తెలుసు? నేను చెప్పేది మందు గురించి కాదండి. డాక్టరమ్మ తాగిందని చెబుతానండి అందరికీ. వాళ్ళు మందు పట్టుకుంటే నేనేం చేయను? ఆ రోజు వ్యాను గేటు దగ్గరుందండి. మా బావగారు సిద్ధంగా ఉన్నారు. మీరు ఇంకో గంట మాట్లాడినా నేను వినేదాన్ని కాదు. మీరు తాగకపోతే తీసుకెళ్ళిపోయేవాళ్ళమండి."

చాలా మామూలుగా చెప్పింది. అవతల ఆయన వల సూది నోట్లో పెట్టుకుని దారం లాగుతున్నాడు.

ఇన్నేళ్ళూ ఆ మందు ఆయన ఊపిరితిత్తుల్లో ఏం చేసిందా అని వెతికాను. ఎవరెవరో రాసినవన్నీ చదివాను. అది ఆయన రక్తంలోకి వెళ్ళి ఏం చేసిందో తేలలేదు, ఇక తేలదేమో కూడా. నా గొంతు దిగి చేసింది మాత్రం ఆయన రూపంలో నా ఎదురుగా కూర్చుని వల బాగుచేసుకుంటోంది. మెషిన్ దగ్గర ఆయన్ని ఉంచింది అదే. నేను తగవులో గెలిచింది నా చదువుతో అనుకున్నాను. ఆమె మాత్రం తన పద్ధతి ప్రకారం సరుకు పరీక్షించి, అమ్మేదాన్ని నమ్మింది. నాకు కళ్ళు చెమర్చాయి. సంతోషమేసింది, దాంతోపాటు ఇన్నాళ్ళకు కాస్త సిగ్గు కూడా వేసింది.

బయల్దేరుతూ, ఇంటికి కొన్ని ఎండు రొయ్యలు కావాలన్నాను. వంగి వాసన చూసినట్టు నటించాను. నా ముక్కు ఎప్పట్లాగే ఏమీ చెప్పలేదు.

"బాగున్నాయా అండీ ఇవి?" అని అడిగాను.

ఆమె కుప్పలో అడుగుకంటా చేయి పెట్టి ఒక రొయ్య తీసి, నా కళ్ళల్లోకి చూస్తూ నోట్లో వేసుకుని నమిలింది.